మధుమేహం ఒకరికి, పథ్యం ఇంటిల్లిపాదికీ

మధుమేహ వ్యాధిగ్రస్తులు మా వైద్యశాలకు వచ్చినప్పుడు సాధారణంగా వారి వెంట ఇంకొకరు వస్తారు. రోగి పురుషుడైతే భార్య వస్తుంది. రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీలు ఆమె చేతిసంచిలోనే ఉంటాయి. ఏ పూట ఏ మాత్ర వేసుకున్నారో, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేచారో, పెళ్లివిందులో ఎన్ని లడ్డూలు తిన్నారో ఆమెయే చెబుతుంది. నేను చెప్పే పథ్యమంతా ఆమెయే శ్రద్ధగా వింటుంది. రోగి మాత్రం గోడనున్న ధన్వంతరి పటం వంక చూస్తూ కూర్చుంటాడు.

రోగి స్త్రీ అయితే ఆమె వెంట వచ్చేవారు తక్కువ. ఒంటరిగా వస్తుంది, లేదా పొరుగింటావిడను తోడు తెచ్చుకుంటుంది. పథ్యమంతా విని, "నా ఒక్కదాని కోసం ఇవన్నీ ఎవరు వండుతారండీ?" అని నవ్వేస్తుంది. ఆ ఇంట్లో వండవలసినది ఆమెయే.

నలభై ఏళ్లుగా వైద్యం చేస్తున్న మీదట ఈ వ్యాధి విషయంలో నాకు ఒక దృఢమైన అభిప్రాయం ఏర్పడింది. పథ్యాన్ని రోగికి మాత్రమే చెప్పినంత కాలం అది నిలవదు. ఇంటి వంట మారాలి, ఇంటి భోజన వేళలు మారాలి, ఇంట్లో పెద్దవారందరికీ రక్తపరీక్ష జరగాలి. ఈ అభిప్రాయం నాకు గ్రంథాల వలన కంటె నేను చేసిన ఒక పొరపాటు వలన కలిగింది. కావున దానిని ముందుగా పాఠకులకు విన్నవించుకుంటాను.

నేను అడగని ప్రశ్న

మా ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మాస్టారు ఒకరు ఆరేళ్ల పాటు నా వద్దకు క్రమం తప్పకుండా వచ్చేవారు. మొదట వచ్చినప్పుడు పరగడుపున చేసిన పరీక్షలో వారి రక్తంలో చక్కెర 210 ఉండేది. అల్లోపతి డాక్టరు గారు ఇచ్చిన మాత్రలను మానకుండా వాడమని చెప్పి, వాటికి తోడుగా ఆహార విహారాలను నేను సరిదిద్దాను. ఏడాది తిరిగేసరికి 120కి లోబడి నిలిచింది. "ఇదంతా మీ ఆవిడ చేతి చలవ మాస్టారూ!" అని నేను మెచ్చుకుంటే ఆమె తల వంచుకుని చిన్నగా నవ్వేది.

ఆ ఇంట్లో జరుగుతున్నది నాకు తరువాత తెలిసింది. మాస్టారికి పన్నెండున్నరకు జొన్నరొట్టె, కూర. కొడుకు, కోడలు, మనుమలకు అన్నం, వేపుడు, అప్పడాలు. అందరి భోజనాలూ అయి, గిన్నెలు సర్దిన తరువాత మూడు గంటలకు ఆమె భోజనం. మిగిలిన అన్నం పారవేయడానికి మనసొప్పక అంతా తానే ఆవకాయతోను, పెరుగుతోను తినేది. అంతవరకు ఆకలి తెలియకుండా చక్కెర వేసిన కాఫీ రెండు మూడుసార్లు. మనుమలు సగం కొరికి వదిలిన బిస్కట్లు, మిఠాయిలు కూడా ఆమె నోటికే.

ఆరవ ఏట ఒకనాడు ఆమె ఒక్కతే వచ్చింది. ఎడమకాలి బొటనవ్రేలికి గుడ్డ కట్టి ఉంది. "చెప్పు కరిచిందండీ. నెల్లాళ్లయింది. పసుపు అద్దుతూనే ఉన్నాను, మానలేదు. నొప్పి మాత్రం లేదు" అన్నది. గుడ్డ విప్పి చూస్తే వ్రేలు నల్లబడి ఉంది. నొప్పి లేదన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. వెంటనే రక్తపరీక్ష చేయిస్తే 342. ఆనాడే శస్త్రవైద్యుల వద్దకు పంపాను. వ్రేలు తీసివేయవలసి వచ్చింది. పాదం దక్కింది.

పరామర్శకు వెళ్లినప్పుడు ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "వారికి పరీక్ష చేసిన ప్రతిసారీ నేనూ పక్కనే కూర్చున్నానండీ. నాకూ చేయించమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు." ఆ 'ఎవరూ' అన్న మాటలో నేనున్నాను. ఆమె మెడ వెనుక చర్మం నల్లబడి ఉండటం ఎన్నోసార్లు చూశాను. దాహం ఎక్కువగా ఉంటోందని ఒకసారి ఆమెయే అన్నది. వేసవి కదా అన్నాను. చివరి కాన్పులో నాలుగు కిలోలు దాటిన బిడ్డను కన్నదని కూడా నేను ముందే విని ఉన్నాను. ఇవన్నీ మధుమేహాన్ని అనుమానించవలసిన గుర్తులు. రోగి అన్నవాడు నా ఎదుట కుర్చీలో ఉన్నాడనుకున్నాను. పక్క కుర్చీని చూడలేదు.

గురువుగారింటి కుండ

నేను చదువుకున్నది కోనసీమలో, గురువుగారి ఇంట. దూరగ్రామాల నుండి వచ్చిన రోగులు వారి వీధి అరుగు మీద పది పదిహేను రోజులు ఉండి వైద్యం చేయించుకునేవారు. ఆ రోజుల్లో ఏ రోగికి ఏ పథ్యం చెబితే ఆ పథ్యమే శిష్యులకూ వడ్డించేవారు గురుపత్ని. చప్పిడి కూరలు తినలేక మేము సణిగితే గురువుగారు, "రోగికి వేరే కుండ పెడితే వాడి చూపంతా పక్క విస్తరి మీదే ఉంటుందిరా" అనేవారు. ఆ మాట అప్పట్లో మాకు పొదుపు కోసం చెప్పినట్లు తోచేది. మాస్టారి ఇంటి సంగతి తెలిసిన తరువాతనే దాని లోతు నాకు బోధపడింది.

చరకాచార్యుడు ప్రమేహాలను ఇరవైగా లెక్కించాడు. కఫం వలన పది, పిత్తం వలన ఆరు, వాతం వలన నాలుగు. మధుమేహం ఆ చివరి నాలుగింటిలో చేరుతుంది. వ్యాధికి ఆయన చెప్పిన కారణాలను గమనించండి: ఎక్కువ సేపు సుఖంగా కూర్చోవడం, అతినిద్ర, పెరుగు మితిమీరి తినడం, కొత్త ధాన్యం, బెల్లంతో చేసిన పదార్థాలు. ఇవి ఒక మనిషి దోషాలుగా కాక ఒక ఇంటి నడవడిగా నాకు కనిపిస్తాయి. తండ్రి టీవీ ముందు రెండు గంటలు కూర్చుంటే కొడుకూ కూర్చుంటాడు. పండుగకు చేసిన అరిసెల డబ్బా అందరికీ అందుబాటులోనే ఉంటుంది.

సుశ్రుతుడు ఈ వ్యాధిని రెండు విధాలుగా చెప్పాడు. పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వలన వచ్చేది ఒకటి. ధనం లేని రోగికి ఆయన చెప్పిన చికిత్స నడక. నూరు యోజనాలు నడవమన్నాడు. ఈనాటి వైద్యులు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవమని చెబుతున్నారు. మాట వేరు, దారి ఒకటే.

మాత్రలకు, మూలికలకు వైరం లేదు

ఇక్కడ నా తోటి ఆయుర్వేద వైద్యులకు నచ్చని మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. "మీ మందు మొదలుపెడితే ఇన్సులిన్ మానేయవచ్చునా?" అని అడిగే రోగికి, మానేయవచ్చునని చెప్పే వైద్యుడు ఆయుర్వేదానికి మేలు చేయడం లేదు. బాల్యంలో లేదా చిన్న వయసులో, శరీరంలో ఇన్సులిన్ తయారీయే నిలిచిపోవడం వలన మధుమేహం వచ్చినవారికి సూదిమందే ప్రాణాధారం. 1921లో టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922లో మొదటిసారి రోగులకు ఇచ్చే వరకు అట్టి పిల్లలు ఎక్కువ కాలం బ్రతికేవారు కాదు. ఆ మందును ఒక పొడి కోసం మాన్పించడం ప్రాణాపాయం.

నేడు విరివిగా వాడుతున్న మెట్‌ఫార్మిన్ మాత్ర సంగతి కూడా పాఠకులు తెలుసుకోవాలి. ఐరోపాలో పెరిగే గలేగా అనే మొక్కలోని పదార్థంపై జరిగిన పరిశోధనల దారిలోనే అది పుట్టింది. 1957లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని మధుమేహ చికిత్సకు ప్రవేశపెట్టాడు. ఆ మాత్ర వంశవృక్షంలో కూడా ఒక మూలిక ఉన్నది. అట్టి మాత్రను చూసి మనం ముఖం తిప్పుకోనవసరం లేదు.

మధుమేహాన్ని సమూలంగా నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినను అట్టి ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి. పేరు, తయారీ లైసెన్సు, పదార్థాల పట్టిక లేని పొడులను కొనకండి. కొన్ని పొడులలో అల్లోపతి మాత్రలనే నూరి కలిపిన ఉదంతాలు బయటపడ్డాయి. ఎంత మోతాదులో కలిపారో తెలియని మందు లోనికి పోతే చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు.

ఇక వంటింటి మందులు. మెంతులు, కాకరకాయ, నేరేడు గింజలు, పొడపత్రి, ఉసిరిక, పసుపు వీటికి ఈ వ్యాధిలో కొంత గుణమున్నది. నేనూ వాడిస్తాను. ఒక చెంచా మెంతులను రాత్రి నానబెట్టి ఉదయం నమిలి తినవచ్చు. ఉసిరిక రసంలో చిటికెడు పసుపు కలిపి పుచ్చుకోవచ్చు. కాకరకాయను కూరగా తినడం మేలు. గ్లాసులకు గ్లాసులు రసం తాగితే కడుపు చెడుతుంది. అయితే ఇవన్నీ సహాయకులు మాత్రమే. మాత్రలు వేసుకుంటున్నవారు వీటిని మొదలుపెట్టే ముందు తమ డాక్టరుకు చెప్పి, మధ్య మధ్య పరీక్ష చేయించుకోవాలి.

అందరికీ ఒకే వంట

పథ్యమనగానే ఉప్పు లేని, రుచి లేని తిండి అని భయపడతారు. ఇల్లాలికి రెండు పొయ్యిల పని అనే బెంగ వేరే ఉంటుంది. నేను చెప్పేది ఒకే వంట. కంచంలో సగం భాగం ఆకుకూరలు, బీర, సొర, పొట్ల, దొండ, బెండ, వంకాయ వంటి కూరలు ఉండాలి. పావు భాగం పప్పుదినుసులు. మిగిలిన పావు మాత్రమే అన్నం లేదా రొట్టె. మనవాళ్లు ఇప్పుడు దీనిని తలక్రిందులు చేసి, కంచం నిండా అన్నం పెట్టుకుని కూరను నంజుకుంటున్నారు. ముందు కూర, పప్పు తిని తరువాత అన్నానికి వస్తే అన్నం దానంతటదే తగ్గుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు, ఆకుకూరల పాళ్లను తమ డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

తెల్లని పాలిషు బియ్యం కంటె దంపుడు బియ్యం మేలు. ప్రమేహ రోగికి చరకుడు ముఖ్యంగా చెప్పిన ధాన్యం యవలు, అనగా బార్లీ. తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంకటి, కొర్రన్నం మన పెద్దలకు నిత్య భోజనాలు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత వీటికి మళ్లీ గౌరవం వచ్చింది. సంతోషమే. కాని చిరుధాన్యమైతే ఎంతైనా తినవచ్చుననేది అపోహ. మెత్తని పిండిని జావ కాచి పెద్ద గ్లాసెడు తాగితే చక్కెర వేగంగానే పెరుగుతుంది. ధాన్యం ఏదైనా కొలత తప్పదు.

బెల్లం, తేనె, తాటిబెల్లం చక్కెర కంటె మంచివని నమ్మి వాడేవారు ఎందరో. ఇవన్నీ రక్తంలో చక్కెరను పెంచేవే. పండ్లరసాల కంటె పండు మేలు. జామ, నేరేడు, ఉసిరి వంటివి మితంగా తినవచ్చు.

భోజన వేళలు పథ్యంలో సగం. ఇల్లాలు మూడు గంటలకు తినే ఆచారం పోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిది గంటలకు ఇంట్లో ఉన్నవారందరూ కలిసి కూర్చోవాలి. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకుంటే ఎవరి గౌరవానికీ లోటు రాదు. భోజనమైన తరువాత పడుకోకుండా పది పదిహేను నిమిషాలు నడవండి. నూరడుగులు వేయమని మన పెద్దలు చెప్పినది ఇందుకే. మిగిలిన అన్నానికి ఇల్లాలి కడుపు నిలువగది కాదు. కొలిచి వండుకుంటే ఆ సమస్యయే రాదు.

ఉపవాసం, పండుగ

కార్తిక సోమవారాలు, ఏకాదశులు, శ్రావణ శుక్రవారాలు మన స్త్రీలు నిష్ఠగా పాటిస్తారు. నేనూ ఉపవాసాలను గౌరవించేవాడినే. అయితే మధుమేహానికి మందులు వాడుతూ, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకుంటూ నిరాహారంగా ఉండటం ప్రమాదకరం. చక్కెర 70కి దిగువకు పడితే ఒళ్లు చెమటలు పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. అప్పుడు మూడు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీటిలో కలిపి వెంటనే తాగించాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మరల ఇవ్వాలి. నెమ్మదించాక ఏదైనా ఆహారం పెట్టాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ సంగతి రోగి ఒక్కరికే తెలిస్తే ప్రయోజనం లేదు. ఆ సమయంలో గ్లాసు అందించవలసినవారు ఇంట్లోవారు.

వ్రతాన్ని మానుకోమని నేను అనను. మందుల వేళలను గురించి డాక్టరును ముందుగా అడిగి, మజ్జిగ, పండు, ఉడికించిన శనగలు వంటివి తీసుకుంటూ పూజ చేసుకోవచ్చు. పండుగనాడు ప్రసాదం కళ్లకద్దుకుని చెంచాడు తింటే చాలు. తీపి వంటకాన్ని ఆనాటికి సరిపడా మాత్రమే చేసి, మిగలకుండా పంచివేయడం ఉత్తమం.

పాదాలను చూసుకోండి

ప్రమేహ రోగులకు వచ్చే పిడకలను, అనగా కురుపులను, చరకుడు ఏడు విధాలుగా వర్ణించాడు. పుండ్ల భయం మన శాస్త్రానికి ఆనాడే తెలుసు. చక్కెర ఎక్కువ కాలం అదుపు తప్పితే పాదాలలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ప్రతి రాత్రి పడుకునే ముందు అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూసుకోవాలి. వంగలేనివారు క్రింద అద్దం పెట్టుకోవచ్చు. చూపు మందగించినవారికి మనుమలు చూసి చెప్పవచ్చు. కాళ్లు కడిగిన తరువాత వ్రేళ్ల సందులను పొడిగుడ్డతో తుడవండి. పాదానికి నూనె రాసుకోవచ్చు గాని సందులలో తడి, జిడ్డు ఉండరాదు. వేడినీటి కాపడం వద్దు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దు. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోండి. ఎండవేళ గుడి ప్రాంగణంలో కాలిన రాళ్ల మీద ప్రదక్షిణలు చేయకండి. తెల్లవారుజామున చేసిన ప్రదక్షిణకూ ఫలముంటుంది. పుండు పడితే పసుపు అద్ది వారాల తరబడి ఎదురు చూడకుండా, రెండవ రోజుకల్లా వైద్యునికి చూపించండి.

ఒక విన్నపం

2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. అంతకంటె ఎక్కువ మంది ఆ గడప దగ్గర నిలబడి ఉన్నారు. పరగడుపున 100 నుండి 125 వరకు ఉంటే అది ఆ గడప. 126 లేదా ఆ పైన ఉండి, మరొకసారి చేసిన పరీక్షలోనూ అట్లే తేలితే వ్యాధి ఉన్నట్లు. ఇంట్లో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని తెలిసిన వారంలోగా ముప్పై ఏళ్లు దాటిన వారందరూ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణిగా ఉన్నప్పుడు చక్కెర కనిపించిన స్త్రీలు ప్రసవం తరువాత కూడా క్రమం తప్పకుండా చూపించుకోవాలి. వ్యాధి ఉన్నవారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షను డాక్టరు చెప్పినట్లు చేయించుకుంటూ, ఏడాదికొకసారి కళ్లను, మూత్రపిండాలను, పాదాలను పరీక్షింపజేసుకోవాలి.

మాస్టారి ఇంట్లో ఇప్పుడు ఒకే వంట. అందరూ ఒంటిగంటకే భోజనానికి కూర్చుంటున్నారు. అప్పుడే పరీక్ష చేయిస్తే వారి అబ్బాయికి పరగడుపున 112 ఉన్నట్లు తేలింది. ఏడాదికి 96కు దిగింది. అతడు ఏ మందూ వాడలేదు. ఆమె ఇన్సులిన్ తీసుకుంటూ, మెత్తని ఎంసీఆర్ చెప్పులు వేసుకుని సాయంకాలం మాస్టారితో కలిసి చెరువుగట్టు వరకు నడిచి వస్తున్నది.

ఇప్పుడు నా వద్దకు ఏ రోగి వచ్చినా, నాడి చూసిన తరువాత పక్క కుర్చీ వైపు తిరిగి, "అమ్మా, మీరు పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? నిన్న ఎన్ని గంటలకు భోజనం చేశారు?" అని అడుగుతున్నాను. చాలామంది జవాబు చెప్పలేక మొహమాటపడతారు. ఈ రెండు ప్రశ్నలను మీ ఇంట్లో మీరే ఈ రాత్రి అడగండి. అందుకు వైద్యుని వద్దకు వెళ్లనక్కరలేదు.